గొలుసు లేని పంజరం

వసంతకేతుడి ఒరలోని కత్తి దానంతటదే జారి పైకి లేచింది.

అతడు ఉలిక్కిపడి పిడి పట్టుకున్నాడు. కత్తి ఆగలేదు. కత్తితో పాటు చెయ్యి, చేతితో పాటు ఒళ్ళంతా పైకి లాక్కుపోసాగింది. మునివేళ్ళ మీద నిలబడి, ఇక పాదాలు నేల విడుస్తాయనగా పిడి వదిలేశాడు. కత్తి మెరుపు తీగలా ఎగిరి, గుహ కప్పులో ఎక్కడో ఖంగుమని తగిలి, అక్కడే అంటుకుపోయింది.

"చూశారా యువరాజా! ఇది మామూలు చోటు కాదని నేను చెప్పలేదూ? చివరికి మన కత్తికి కూడా మన మీద విసుగు పుట్టింది," అన్నాడు వెనక నుంచి గోరంకుడు.

"నువ్వు మూగవాడివి. గుర్తుందా?"

గోరంకుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

హరిణపురి యువరాజు వసంతకేతుడు సిద్ధుడి వేషంలోనూ, అతడి బాల్యమిత్రుడూ సేనాపతి కొడుకూ అయిన గోరంకుడు మూగ శిష్యుడి వేషంలోనూ అగ్నికూట పర్వతం లోపలికి అడుగుపెట్టి ఎంతోసేపు కాలేదు. గోరంకుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ నిద్రలో కూడా గోరింకలా వాగుతూ ఉంటాడని ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది. అటువంటి వాణ్ణి మూగవాడిగా తీసుకురావడం ఎంత పొరపాటో వసంతకేతుడికి కొండ ఎక్కుతుండగానే తెలిసిపోయింది.

వాళ్ళు వచ్చింది రాజకుమారి కువలయ కోసం. ఆమె వసంతకేతుడి చెల్లెలు. హరిణపురికి ఉత్తరాన నల్లరాళ్ళ కొండ ఒకటి ఉంది. ఆ రాళ్ళ నుంచి తీసే లోహం ఎంతటి నిప్పులో వేసినా కరగదు. ఆ కొండను తనకు ధారాదత్తం చెయ్యమని కాలాంగారకుడనే మాంత్రికుడు కబురు పంపాడు. కొండను నమ్ముకుని బతికే పల్లెలను ఒక మాంత్రికుడి పాలు చెయ్యనని రాజు తెగేసి చెప్పాడు. ఆ మర్నాడే ఉద్యానవనంలో సుడిగాలి లేచింది. గాలి అణిగేసరికి పూలసజ్జ మాత్రమే మిగిలింది, కువలయ లేదు. ఈ రోజు సంధ్య శంఖం మోగేలోగా కొండ తన వశం కాకపోతే రాకుమారి అగ్నికి ఆహుతి అవుతుందని మాంత్రికుడి ఆఖరి మాట.

ఇద్దరూ రాతి అరుగు అంచుకు వెళ్ళి కిందికి చూశారు.

ఆ గుహ ఎంత పెద్దదంటే హరిణపురి కోట బురుజులతో సహా అందులో ఇమిడిపోతుంది. గోడల నిండా పసుపు, కుంకుమ, నెమలికంఠం రంగుల్లో గంధకపు పూతలు. కప్పు నుంచి ఏనుగు దంతాల్లా వేలాడే రాతి కొమ్ములు. అడుగున, అరుగుకు రెండు నిలువుల లోతులో, కొండ కడుపులో నుంచి పుట్టి కొండ కడుపులోకే పోయే నిప్పుటేరు. కరిగిన బంగారంలా, పెరుగు తరకలా, అక్కడక్కడ నల్లగా పేరుకుంటూ మళ్ళీ పగిలి ఎర్రగా నవ్వుతూ అది మెల్లగా పారుతోంది. ఆ ఏటికి సరిగ్గా పైన, గుహ కప్పుకు ఆనుకుని ఒక ఇనుప పంజరం వేలాడుతోంది.

దానికి గొలుసు లేదు. తాడు లేదు. కొక్కెం కూడా లేదు.

"కువలయా!" అని కేక పెట్టాడు వసంతకేతుడు.

పంజరంలో ఒక మూల ముడుచుకు కూర్చున్న అమ్మాయి చప్పున లేచింది. "అన్నయ్యా! జాగ్రత్త, ఇనుము ఏదీ దగ్గర ఉంచుకోకు. ఇందాక నీ కత్తి నా తల పక్కగా పోయింది."

"నీకేమీ కాలేదు కదా?"

"లేదు. ఈ పంజరాన్ని ఏదీ పట్టుకోలేదన్నయ్యా. అయినా పడటం లేదు. మొదట ఎప్పుడు పడిపోతుందో అని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి విసుగొచ్చాక, అసలు ఎందుకు పడటం లేదా అని చూడటం మొదలుపెట్టాను. కప్పులో ఇనుప దూలం ఉంది. దాని చుట్టూ రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంది, కదురుకు నూలు చుట్టినట్టు. పంజరం ఆ దూలానికి అంటుకుని ఉంది. అంతే!"

వసంతకేతుడు కప్పు వైపు తేరిపార చూశాడు. దూలం చివర నుంచి బొటనవేలంత లావు రాగి తాళ్ళు రెండు బయలుదేరి, గోడ వెంబడి పాకి, దూరాన ఒక రాతి ద్వారంలోకి మాయమవుతున్నాయి.

"సిద్ధులవారు కత్తి కట్టుకుని తిరుగుతారా?"

ఇద్దరూ గిరుక్కున వెనక్కి తిరిగారు. ఒక యువతి ఇత్తడి బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. నిప్పు సెగకు రాగిరంగు తిరిగిన ముఖం. మోచేతుల దాకా గాజు పని చేసేవాళ్ళకుండే సన్నని కాలిన మచ్చలు. కళ్ళు మాత్రం దేన్ని చూస్తే దాన్ని విప్పి చూడాలన్నంత చురుగ్గా ఉన్నాయి.

గోరంకుడు తడుముకోకుండా నోరు చూపించి, చెవులు చూపించి, ఆకాశం వైపు చేతులెత్తి ఏవేవో సైగలు చేశాడు.

"మీ మూగ శిష్యుడి మాటలు అవతలి మలుపు దాకా వినిపించాయి," అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. "నా పేరు తరళిక. కాలాంగారకుడు నాకు మేనమామ. అరవను, కంగారుపడకండి. మామయ్య కొలనులో జపం చేసుకుంటున్నాడు. సంధ్య శంఖం వేళ దాకా లేవడు."

"అమ్మా తల్లీ, చల్లని మాట చెప్పావు," అన్నాడు గోరంకుడు, ఇక మూగతనం దండగని గ్రహించి.

తరళిక ముఖంలో నవ్వు మాయమైంది. "మీరు దేనికోసం వచ్చారో నాకు తెలుసు. ఆ రాగి తాళ్ళు వెళ్ళేది గాజు అండం ఉన్న గదిలోకి. మామయ్య ప్రాణం ఆ అండంలో ఉందని బయట చెప్పుకుంటారట. మీకంటే ముందు ఒక రాకుమారుడు వచ్చి దాని మీదికి బల్లెం విసిరాడు. అండం పిడుగు పడ్డట్టు లోపలికి కుప్పకూలింది. ఆ గాజు పెంకులు ఎగిసి అతణ్ణే చీల్చేశాయి. ఆ క్షణమే పంజరం ఏట్లో పడిపోయింది. లోపల అతడి తమ్ముడున్నాడు. మామయ్యకు ఏమీ కాలేదు. మరో అండం ఊదించుకున్నాడు, నా చేతే." ఆమె బిందె కింద పెట్టింది. "ఇప్పుడు అడగండి, దాన్ని ఎలా పగలగొట్టాలని."

వసంతకేతుడు ఒక్క క్షణం ఆలోచించి, "ఆ అండంలో ఏముంది?" అన్నాడు.

తరళిక అతడి వైపు వింతగా చూసింది. "ఏమన్నారు?"

"దానిలో ఏముంటే ఇక్కడ ఇనుప పంజరం గాల్లో నిలబడుతుంది? అది తెలియకుండా ఏం చేసినా మా చెల్లెలు ఏట్లో పడుతుంది కదా."

"ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు," అంది ఆమె నెమ్మదిగా. "నేనే అడిగాను మామయ్యను, చిన్నప్పటి నుంచి. భూతం ఉందంటాడు. రండి, చూపిస్తాను."

రాతి ద్వారం దాటగానే కళ్ళు మిరుమిట్లు గొలిపాయి. గది నడుమ, నిలువెత్తు గాజు అండం ఒకటి రాతి దిమ్మెల మధ్య అమర్చి ఉంది. అడుగు నుంచి దానిలోకి ఒక నల్లలోహపు కడ్డీ చొచ్చుకు వచ్చింది. కడ్డీ మొదలు నేల కింద పారే నిప్పుటేట్లో మునిగి ఉంటుంది. కొస మాత్రం అండంలో మధ్యాహ్నపు సూర్యుడిలా తెల్లగా మండుతోంది. దానికి ఎదురుగా, జానెడు ఎడంలో, అదే లోహంతో చేసిన పళ్ళెం. అది మసకగా, చల్లగా ఉంది. కొండ పై ఊట నుంచి వచ్చే నీరు తూములో నుంచి గలగలమని దూకి పళ్ళెం వీపును ఎడతెగక తడుపుతూ, దిగువన మాంత్రికుడి కొలనులోకి పోతోంది. కడ్డీ నుంచి ఒక రాగి తాడు, పళ్ళెం నుంచి ఒక రాగి తాడు బయలుదేరి ద్వారం గుండా గుహలోకి వెళుతున్నాయి. అండం చుట్టూ కందకంలో నిప్పు పొంగుతోంది. తూము గట్టు తప్ప కాలు పెట్టడానికి చోటు లేదు.

"కడ్డీకీ పళ్ళేనికీ నడుమ ఏమీ లేదే!" అన్నాడు వసంతకేతుడు.

"ఏమీ లేదు. గాలి కూడా లేదు. పాదరసంతో లోపలి గాలినంతా మామయ్య లాగేశాడు. ఏమీ లేని చోట ఏదో జరుగుతోంది. దానికే నాకు నిద్ర పట్టదు."

ఆమె వాళ్ళను పక్కనున్న తన గదిలోకి తీసుకువెళ్ళింది. అక్కడ కొలిమి, తిత్తి, గాజు ఊదే గొట్టాలు, పగిలిన పెంకుల గుట్ట. గూట్లో నుంచి వెలగపండంత గాజు బుడ్డిని ఎంతో అపురూపంగా తీసి బల్ల మీద పెట్టింది. దానిలో ఎదురెదురుగా నల్లలోహపు బిళ్ళలు రెండు. ఒక్కోదాని కాడ గాజును చీల్చుకుని ఒక్కో వైపుకు పొడుచుకు వచ్చింది. రెండు కాడలనూ కలుపుతూ సన్నని రాగి తీగ. ఆ తీగ ఒక చెక్క చట్రం చుట్టూ ఎన్నో చుట్లు తిరిగింది. చట్రం మధ్యలో పట్టుదారానికి సూదంటురాతి ముల్లు వేలాడుతోంది.

"పెద్దదాన్ని చెయ్యడానికి ముందు మామయ్య దీన్ని చేయించాడు. పారెయ్యమన్నాడు, దాచుకున్నాను. చూడండి."

ఆమె కుడి కాడను కొలిమిలోకి పెట్టి తిత్తి ఊదింది. బుడ్డిలో కుడి బిళ్ళ మెల్లగా ఎర్రబడింది. ముల్లు కదల్లేదు. దానిమ్మ గింజ రంగు నుంచి మోదుగుపువ్వు రంగుకు వచ్చింది. ముల్లు చిన్నగా వణికింది. బిళ్ళ తెల్లగా మండగానే ముల్లు ఎవరో వేలితో తోసినట్టు తూర్పుకు తిరిగి నిలిచింది.

"భూతమే!" అన్నాడు గోరంకుడు వెనక్కి జరిగి.

వసంతకేతుడు బల్ల మీదికి వంగాడు. సిద్ధుడి గడ్డం కొలిమిలో పడబోతే పీకి పక్కన పెట్టాడు. "వెలుగు తోస్తోందేమో?" అంటూ కాగడా తెచ్చి బుడ్డి దగ్గర పెట్టాడు. ముల్లు చలించలేదు. "వెలుగు కాదు. కొలిమి సెగ గాలి తగిలి తిరుగుతోందా?" ముల్లు మీద పింగాణీ గిన్నె బోర్లించి, సందులోంచి చూశాడు. ముల్లు తూర్పునే ఉంది. అప్పుడు రాగి తీగను ఒక చోట తెంపాడు. ముల్లు చప్పున తన పాత చోటికి వచ్చేసింది. మళ్ళీ కలిపితే మళ్ళీ తూర్పు.

"తీగలో ఏదో నడుస్తోంది," అన్నాడు. "అది నడుస్తుంటేనే ముల్లు తిరుగుతోంది."

తరళిక కళ్ళు వెలిగాయి. తనతో ఇలా మాట్లాడిన మనిషి ఆమెకు ఇంతవరకు తారసపడలేదు. "మంగలంలో జొన్నలు వేయించడం చూశారా? పెనం చల్లగా ఉన్నంతసేపు గింజలు కదలవు. బాగా కాలిందనుకోండి, పేలాలై ఎగిరి బయట పడతాయి. లోహంలో కూడా అటువంటివేవో ఉన్నాయనుకుంటాను. కంటికి ఆననంత సన్నని రేణువులు. మామూలప్పుడు లోహం వాటిని పోనివ్వదు. తెల్లగా కాలినప్పుడు పట్టు తప్పించుకుని దూకేస్తాయి. ఇదే బుడ్డికి సూది బెజ్జమంత చిల్లు పడితే ముల్లు తిరగనే తిరగదు. గాలి వాటికి అడ్డం వస్తుంది కాబోలు."

"దూకినవి ఎదుటి బిళ్ళ మీద పడతాయి. తర్వాత?"

"అది నాకూ అంతుపట్టలేదు."

వసంతకేతుడు వేలితో తీగ వెంబడి గీత గీశాడు. "కుడి బిళ్ళ నుంచి దూకినవి అక్కడే ఉండిపోతే కుడి బిళ్ళలో కొన్నాళ్ళకు అవి అయిపోవాలి. అయిపోవడం లేదు. అంటే ఈ రాగి తీగే వాటికి ఇంటిదారి. శూన్యంలో దూకడం, తీగలో నడిచి ఇల్లు చేరడం, మళ్ళీ దూకడం. మన పంజరాన్ని పట్టుకున్నది ఆ నడకే! దారిలో ఇనుప దూలం చుట్టూ వెయ్యి చుట్లు తిరిగి వస్తున్నాయి."

"ఇంత సేపూ నేను నించున్నది అలాంటి వాటి మధ్యనా?" అంటూ గోరంకుడు తన చేతులు ఎగాదిగా చూసుకున్నాడు.

"తరళికా, ఎడమ బిళ్ళను కాలిస్తే?" అన్నాడు వసంతకేతుడు.

ఆమె తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఆ పని చెయ్యాలని ఆమెకు తోచలేదు. మామయ్య అండంలో నిప్పు ఎప్పుడూ ఒక వైపే. వెంటనే కుడి కాడను బయటికి తీసి, చల్లారనిచ్చి, బుడ్డిని తిప్పి ఎడమ కాడను కొలిమిలో పెట్టింది. బిళ్ళ తెల్లబడింది. ముల్లు గిర్రున తిరిగి పడమటికి పోయింది.

"రెండూ కాలిస్తే?" అన్నారు వసంతకేతుడు, తరళిక ఒకేసారి.

గోరంకుడు పరిగెత్తి ఒక కుంపటి తెచ్చాడు. కుడి కాడ కుంపటిలో పెట్టి, బుగ్గలు పగిలేలా గొట్టంతో ఊదాడు. కుడి బిళ్ళ ఎర్రబడింది. ముల్లు పడమటనే ఉంది. మోదుగు రంగు వచ్చింది. ముల్లు కొద్దిగా వెనక్కి జారింది. గోరంకుడి ముఖం కూడా ఆ రంగుకే వచ్చింది. బిళ్ళలు రెండూ ఒకే తెలుపున మండేసరికి ముల్లు వెంట్రుకవాసి చొప్పున జరుగుతూ నడిమికి వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడిపోయింది.



"ఇటు నుంచి ఎన్ని దూకుతున్నాయో అటు నుంచీ అన్నే దూకుతున్నాయి," అంది తరళిక. "ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటేనే ప్రవాహం. అండం పగలగొట్టనక్కర్లేదు. తూము మూసేస్తే చాలు. నీళ్ళు ఆగితే పళ్ళెం కూడా కడ్డీలా కాలుతుంది."

"అప్పుడు దూలం పంజరాన్ని వదిలేస్తుంది. ఈలోగా దానికి నిజమైన తాడు కట్టాలి," అన్నాడు వసంతకేతుడు, అప్పటికే లేచి నిలబడి.

తరళిక ఇచ్చిన హిమవల్లి పసరు ఒళ్ళంతా పూసుకుంటే నిప్పు సెగ వెన్నెలలా తోచింది. ఎనుబోతు తోలు మోకును భుజాన వేసుకుని వసంతకేతుడు గుహ గోడ ఎక్కసాగాడు. వేలు పట్టిన చోటల్లా గంధకం పొడిపొడిగా రాలుతోంది. సగం దూరంలో ఒక రాతి పలక పట్టు తప్పి, చేతులతో వేలాడాడు. కింద ఏరు నోరు తెరిచింది. కాలితో తడిమి ఒక పగులు దొరికించుకుని, బల్లిలా అడ్డంగా పాకి, అరుగుకూ పంజరానికీ నడుమ ఉన్న పెద్ద రాతి కొమ్మును చేరాడు. మోకును కొమ్ము మీదుగా వేసి ఒక కొసను అరుగు మీదికి వదిలాడు. గోరంకుడు దాన్ని అందుకుని, అరుగు అంచున పంజరానికి బాగా దగ్గరగా ఉన్న రాతి స్తంభం చుట్టూ బిగించబోయాడు.

"యువరాజా! నన్నెవరో మొలతాడు పట్టుకుని పైకి లాగుతున్నారు!"

నిజంగానే గోరంకుడి మడమలు నేల మీద లేవు.

"నీ దగ్గర ఇనుము ఏముంది?"

"ఏమీ లేదు. అంటే... ఒక్క అడకత్తెర. వక్క నోట్లో లేకుండా మూగవాడిగా ఉండటం నా వల్ల అవుతుందా, మీరే చెప్పండి!"

"విసిరెయ్!"

గోరంకుడు బొడ్డున దోపిన అడకత్తెరను కన్నీళ్ళతో వదిలాడు. అది పిట్టలా ఎగిరిపోయి కత్తి పక్కన చేరింది. అతడు ధబ్బున అరుగు మీద పడి, లేచి, ముడి బిగించాడు.

వసంతకేతుడు రెండో కొస నడుముకు చుట్టుకుని కొమ్ము మీద నుంచి ఊగి పంజరం ఊచలు పట్టుకున్నాడు. కువలయ లోపల నుంచి చెయ్యి చాచి అతడి మణికట్టును గట్టిగా పట్టింది. మోకును నాలుగు ఊచల చుట్టూ తిప్పి ముడి వేశాక, "ఇక ఊచలు గట్టిగా పట్టుకో, ఏమైనా సరే వదలకు," అన్నాడు.

"ఏం చేస్తున్నారన్నయ్యా?"

"తర్వాత చెబుతా. చాలా బాగుంటుంది."

గోరంకుడు గోరింకలా కూత పెట్టాడు. అదే గుర్తు. గట్టు మీద తరళిక రాతి పలకను తూముకు అడ్డం దింపి, సందుల్లో బంకమన్ను కుక్కింది. గలగల ఆగిపోయింది. తడి ఆరిన పళ్ళెం కాసేపటికి నల్లబడి, నలుపులో నుంచి సన్నగా ఎరుపు దేరింది.

దిగువన కొలనులో కళ్ళు మూసుకుని జపం చేస్తున్న కాలాంగారకుడికి నడుము దాకా ఉన్న నీరు మోకాళ్ళకు దిగడం తెలిసింది. కళ్ళు తెరిచాడు. మరుక్షణం కొలను గట్టు మీద సుడిగాలి లేచింది.

"తరళికా! తూము ఎందుకు మూశావు?"

ఆమె ఉలిక్కిపడింది గానీ పలక మీద నుంచి చెయ్యి తియ్యలేదు. జడలు కట్టిన జుట్టు నీళ్ళు కారుతుండగా మేనమామ ద్వారంలో నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో ఎముకల దండం.

"అండంలో భూతం ఉందన్నావు కదా మామయ్యా. దానికి దాహం వేస్తుందేమో చూస్తున్నాను."

కాలాంగారకుడు అండం వైపు చూశాడు. పళ్ళెం మోదుగుపువ్వు రంగులో ఉంది. గుహలో కువలయ కేక వినిపించింది. పంజరం ఒక మూల దూలాన్ని వదిలి కిర్రుమంది. వసంతకేతుడి కత్తి, గోరంకుడి అడకత్తెర ఒకదాని వెంట ఒకటి రాలి ఏట్లో పడి బుస్సుమన్నాయి.

"పలక తియ్!"

"ఇప్పుడు తియ్యకూడదు మామయ్యా! పళ్ళెం నిప్పులా ఉంది. చన్నీళ్ళు తగిలితే అండం నిలవదు. నా మాట విను!"

తన మాటకు ఎదురు చెప్పిన వాళ్ళను వినే అలవాటు ఆయనకు లేదు. గట్టు మీదికి దూకి ఒక్క తాపుతో పలకను ఎగరదన్నాడు.

తరళిక రాతి దిమ్మె వెనక్కి దూకింది. ఆగిన నీరంతా ఒక్కుమ్మడిగా వచ్చి పళ్ళెం మీద పడింది. ఆవిరి కొండలా లేచింది. ఆ వెంటనే గాజు మీద ఒక గీత పరుగెత్తింది, ఇంకో గీత, వెయ్యి గీతలు. అండం పెళపెళమని లోపలికి కూలి, గుహంతా దద్దరిల్లేలా పేలింది. పెంకులు వడగళ్ళలా దిమ్మెకు తగిలి రాలాయి. గట్టు తెగిన ఊట కందకాన్ని దాటి, ద్వారాన్ని దాటి, జలపాతమై నిప్పుటేట్లోకి దూకింది.

దూలం పంజరాన్ని పూర్తిగా వదిలేసింది.

పంజరం పడింది. మోకు బిగిసింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ పెద్ద ఉయ్యాలలా అరుగు వైపు దూసుకొచ్చారు. "పట్టుకున్నా! పట్టుకున్నా!" అంటూ గోరంకుడు చేతులు చాచాడు. వేళ్ళకు ఊచ తగిలీ తగలకుండా పంజరం వెనక్కి వెళ్ళింది. రెండోసారి వచ్చినప్పుడు ఊచను అందుకుని వేలాడాడు. కానీ చన్నీటి జల్లు సోకిన రాతి కొమ్ము ఫట్‌మని పగిలింది. కొమ్ము, మోకు, పంజరం, పంజరం పైన వసంతకేతుడు, పక్కన గోరంకుడు, లోపల కువలయ అన్నీ కలిసి ఏట్లోకి జారిపోయాయి.

కువలయ కళ్ళు మూసుకుంది. ఒళ్ళు కాలుతుందనుకుంది. ధనామని దెబ్బ తగిలింది, అంతే.

కళ్ళు తెరిస్తే పంజరం నల్లటి బండ మీద ఉంది. ఊట నీరు పడిన మేర నిప్పుటేరు గడ్డకట్టి, ఇంటి కప్పంత పలకగా పేరుకుంది. పలక అంచులు పొగలు కక్కుతూ, కింద ఎర్రగా కదులుతున్న ఏటి మీద తెప్పలా తేలి, మెల్లగా ప్రవాహంతో పాటు సాగింది. పడ్డ దెబ్బకు పంజరం తలుపు కీలు ఊడింది. వసంతకేతుడు తలుపును లాగి చెల్లెల్ని బయటికి దించి గుండెలకు హత్తుకున్నాడు.

"నా అడకత్తెర ఇక్కడే ఎక్కడో పడింది," అన్నాడు గోరంకుడు ఏట్లోకి వంగి చూస్తూ.

పైన అరుగు మీద ఆవిరిలో నుంచి తరళిక కనిపించింది. ఆమె భుజం నుంచి రక్తం కారుతోంది. వెనక మేనమామ తడుముకుంటూ వస్తున్నాడు. తెప్ప అరుగు కిందికి వచ్చింది, ఇక దాటిపోతుంది.

"దూకు! పట్టుకుంటాను!" అని అరిచాడు వసంతకేతుడు.

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. చేతులు చాచి దూకింది. అతడు రెండు చేతులతో అందుకున్నాడు. తెప్ప అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంది.

"ఈ ఏరు ఎక్కడికి పోతుంది?" అని అడిగింది కువలయ.

"తెలియదు. ఎన్నిసార్లు అడిగినా మామయ్య చెప్పలేదు," అంది తరళిక, అప్పుడే ఎదురుగా ఉన్న చీకటి వైపు తిరిగి.

కాలాంగారకుడు అరుగు అంచు దాకా వచ్చాడు. ముఖమంతా కమిలిపోయి ఉంది. ఎముకల దండం ఎత్తాడు. వసంతకేతుడు చెల్లెలికి అడ్డంగా నిలబడ్డాడు. కానీ మాంత్రికుడు మంత్రమేదీ వెయ్యలేదు. దండం ఆయన చేతిలో నుంచి జారి కింద పడింది.

"తరళికా! వెనక్కి రా! నిన్నేమీ అనను. ఆ వైపు మాత్రం వెళ్ళకే తల్లీ!"

బుద్ధెరిగాక మొదటిసారి ఆమె ఆయన గొంతులో భయం విన్నది.

నలుగురూ ముందుకు చూశారు. ఏరు మలుపు తిరిగే చోట కొండ నోరులాంటి బిలం ఒకటి తెరుచుకుని ఉంది. దాని లోపల నుంచి వెలుగు వస్తోంది. నిప్పు వెలుగు కాదది. నీలంగా, నిశ్చలంగా, పాలపుంతలా ఉంది. ఆ వెలుగులో ఎక్కడో లోతున, లెక్కలేనన్ని గాజు అండాలు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. వాటి మధ్య ఎవరో నడుస్తున్నారు.

తెప్ప బిలంలోకి ప్రవేశించింది.